రక్తానికి మూలం: సుబ్బారావు మందులనుండి మూలకణం దాకా

నల్లగొండ జిల్లాలో నందికొండవద్ద కృష్ణానది కొండల నడుమ ఇరుకుదారిన సాగుతుంది. అక్కడనే 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసినారు. వేలాది కూలీలు రాళ్ళు మోసి కట్టిన ఆ ఆనకట్టనుండి 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలినారు. జలాశయం ఒక్కటే. దానినుండి బయలుదేరే ప్రధానకాలువలు రెండు. వాటినుండి చీలిన పిల్లకాలువలు ఎన్నో. చివరకు ఒక బోదె నీరు వరిమడికి, మరొక బోదె నీరు మిరపతోటకు చేరుతుంది.

జలాశయాన్ని కనిపెట్టి ఉండే ఇంజనీరుకు బాధ్యతలు రెండు. పైరుకు వేళకు నీరందాలి, జలాశయం వట్టిపోరాదు. నిండుమట్టం 590 అడుగులు, కనీసమట్టం 510 అడుగులు అని గీతలు గీచి పెట్టినది అందుకే. ఉన్నదంతా వదలివేస్తే వచ్చే కారుకు చుక్క మిగలదు. దాచుకొని కూర్చుంటే ఈ కారు ఎండిపోతుంది.

మనిషి శరీరంలోకూడ ఇట్టి జలాశయం ఒకటి ఉన్నది. అది ఎముకల లోపలి మూలుగ. ఎదిగిన మనిషి రక్తంలో ఎర్రకణాలు సుమారు 25 లక్షల కోట్లు ఉంటవి. ఒక్కొక్క కణం బ్రతికేది దాదాపు 120 రోజులు. తరగతిలోని విద్యార్థి ఎవరైనా భాగహారం చేసి చూడవచ్చు: పోయిన వాటిని భర్తీ చేయాలంటే సెకండుకు సుమారు 24 లక్షల కొత్త ఎర్రకణాలు పుట్టాలి. నలభై నిమిషాల పాఠం ముగిసేసరికి 570 కోట్లకు పైగా పుట్టి ఉంటవి! ఇవిగాక, సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలు, గాయాన్ని మూసే ప్లేట్‌లెట్లు వేరే.

ఇంత ధారగా పారుతున్నా డెబ్బదియేండ్లు, ఎనుబదియేండ్లు ఈ జలాశయం ఎట్లు ఇంకిపోక నిలుస్తున్నది? అందులోని ఒకే రకపు కణం ఎర్రకణంగాను, తెల్లకణంగాను ఎట్లు మారుతున్నది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడానికి నూటయేబదియేండ్లు పట్టినది. ఆ వెదకులాటలో ఒక కీలకమైన మలుపువద్ద నిలిచినవారు భీమవరంలో పుట్టిన తెలుగువారు, ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఎముకల లోపలి కార్ఖానా

మూలుగ అంటే ఎముకలోని ఖాళీని నింపే కొవ్వు అని పూర్వం చాలమంది తలచేవారు. రక్తం కాలేయంలోనో, ప్లీహంలోనో తయారవుతుందని వైద్యగ్రంథాలు చెప్పేవి. ఆ ఊహకు కొంత ఆధారం లేకపోలేదు. తల్లి కడుపులో ఉన్న శిశువుకు కొన్ని నెలలపాటు కాలేయమే రక్తాన్ని తయారుచేస్తుంది. కాని పుట్టిన తరువాత ఆ పని మూలుగది.

ఈ సంగతి 1868లో బయటపడినది. జర్మనీలోని కోనిగ్స్‌బర్గు నగరంలో ఎర్న్‌స్టు న్యూమన్, ఇటలీలో జూలియో బిట్సోజెరో, ఎవరికి వారుగా, మూలుగను సూక్ష్మదర్శినికింద పరీక్షించినారు. రక్తనాళాలలో తిరిగే ఎర్రకణాలకు కేంద్రకం ఉండదు. మూలుగలో మాత్రం కేంద్రకం ఉన్న ఎర్రకణాలు కనబడినవి. అంటే అవి ఇంకను పూర్తికాని కణాలు. కుండలు అమ్మే సంతలో అన్నీ కాలిన కుండలే ఉంటవి. పచ్చికుండలు కనబడితే అది కుమ్మరి వాము అని తెలిసిపోతుంది. న్యూమన్ చేసిన తర్కం ఇట్టిదే. ఆనాటి పెద్దలు పలువురు దీనిని వెంటనే ఒప్పుకొనలేదు.

తరువాత జర్మనీలోనే పాల్ ఎర్లిక్ రంగులతో కణాలను తడిపి చూచే పద్ధతిని వృద్ధిచేసినారు. ఒకే రంగు ఒక కణానికి పట్టును, మరొకదానికి పట్టదు. ఇట్లు రంగులనుబట్టి తెల్లకణాలలో తెగలు ఏర్పడినవి. మరి ఈ తెగలన్నిటికీ మూలపురుషుడు ఒక్కడేనా, లేక ఒక్కొక్క తెగకు ఒక్కొక్కడా? ఒక్కడే అన్నారు రష్యా శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ మాక్సిమోవ్. 1909లో బెర్లిన్‌లో జరిగిన సభలో ఆయన ఈ వాదాన్ని వినిపించినారు. రక్తంలోని కణాలన్నీ ఒకే మూలకణంనుండి పుడుతవని, చుట్టుపక్కల పరిస్థితులనుబట్టి వేరు వేరు దారులు పడుతవని ఆయన మతం.

మాట బాగున్నది గాని నిరూపించడం ఎట్లు? సూక్ష్మదర్శినిలో కనిపించేవి ఒక క్షణపు రూపాలు. ఆ కణం నిన్న ఏమై ఉండెనో, రేపు ఏమి కాగలదో కంటికి కనబడదు. అందువల్ల మాక్సిమోవ్ వాదం అర్ధశతాబ్దం పాటు వాదంగానే నిలిచిపోయినది. ఈలోగా జవాబు మరొక దిక్కునుండి, రోగుల పడకలదగ్గరనుండి, కొంచెం కొంచెంగా రాసాగినది.

సగంలో ఆగిపోయిన కణాలు

రక్తహీనతలో పలు రకాలు ఉన్నవి. ఇనుము చాలకపోతే ఎర్రకణాలు చిన్నవై పాలిపోతవి. మరొక రకంలో ఇందుకు విరుద్ధం. కణాలు తక్కువగా ఉంటవి గాని ఒక్కొక్కటి మామూలుకంటె పెద్దది. ఇట్టి రోగి మూలుగను చూస్తే అది ఖాళీగా ఉండదు, కిక్కిరిసి ఉంటుంది. అందులో నిండి ఉన్నవి పెద్దవిగా ఉబ్బి, కేంద్రకం పక్వం కాని పిల్లకణాలు. వీటికి 1880లో ఎర్లిక్ పెట్టిన పేరు మెగలోబ్లాస్టులు. కార్ఖానా నిండ పని జరుగుతున్నది, సరకు మాత్రం వాకిలి దాటడం లేదు. పిల్లకణాలు సగంలో ఆగి, పెద్దవి కాకుండానే మూలుగలో నశిస్తున్నవి. ఎందుకు?

ఈ ప్రశ్నను పట్టుకొని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చినారు. అక్కడి బట్టలమిల్లులలో పనిచేసే గర్భిణీస్త్రీలు ఇట్టి రక్తహీనతతో మరణిస్తుండేవారు. వారి తిండిని ఆమె శ్రద్ధగా పరిశీలించినారు. చివరకు ఈస్టునుండి తీసిన చవుకరకపు సారం ఇస్తే రోగులు కోలుకొంటున్నట్లు గమనించి 1931లో ప్రకటించినారు. అందులో ఏదో పదార్థం ఉన్నది. అది ఏమిటో తెలియదు. దానికి విల్స్ కారకం అనే పేరు నిలిచినది.

సగంలో ఆగిన ఈ కణాలే కనిపించే మరొక వ్యాధి స్ప్రూ. ఉష్ణదేశాలలో వచ్చే ఈ వ్యాధిలో విరేచనాలు నెలల తరబడి తగ్గవు. నాలుక పుండువలె ఎర్రబడుతుంది. తిన్నది ఒంటబట్టదు. మనిషి శల్యమై, రక్తం క్షీణించి పోతాడు. ఈ వ్యాధి సుబ్బారావు ఇంటికే వచ్చినది.

భీమవరంలో 1895 జనవరి 12వ తేదీన పుట్టిన సుబ్బారావు చదువు రాజమండ్రిలో సాగి, మదరాసులో మూడవ ప్రయత్నంమీద మెట్రిక్యులేషను గట్టెక్కినది. ఆయన మదరాసు వైద్యకళాశాలలో చదివినారు. ఆ యౌవన దినాలలోనే సోదరుడు పురుషోత్తం స్ప్రూ వ్యాధితో మరణించినాడు. సుబ్బారావును కూడ అదే వ్యాధి పట్టినది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బ్రతికి బయటపడినారు. తోబుట్టువును తీసుకొనిపోయి, తనను విడిచిపెట్టిన ఆ రోగానికి కారణమేమి అన్న ప్రశ్న ఆయన వెంటనే ఉండిపోయినది.

1923లో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరి, హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల విద్య అభ్యసించినారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించినారు. ఈనాటికీ జీవరసాయన విద్యార్థులకు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటే తెలుసు. ఆ పనినుండే కండరాల శక్తికి సంబంధించిన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలు వెలికివచ్చినవి. ఇంతటి పనిలోను ఆయన కాలేయసారాన్ని వదలలేదు. 1926లో మైనాట్, మర్ఫీ అనే అమెరికను వైద్యులు పెర్నిషియస్ ఎనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనతకు కాలేయం తినిపించి గుణం చూపి ఉన్నారు. ఆ కాలేయంలో రక్తాన్ని పండించే పదార్థమేదో దానిని విడదీయాలన్నది సుబ్బారావు పట్టుదల.

ఆకుకూరలోని పదార్థం

1941లో టెక్సాసు విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి సూక్ష్మజీవుల పెరుగుదలకు కావలసిన ఒక ఆమ్లాన్ని సాంద్రపరచినారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు గనుక దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టినారు. నాలుగు టన్నుల ఆకు ఉడికించి, పిండి, వడగట్టగా దొరికినది అతి స్వల్పం. ఇట్లు తీసిన మందు ఎందరికి చాలుతుంది? రోగులకు అందాలంటే దాని నిర్మాణం తెలుసుకొని ప్రయోగశాలలో తయారుచేయాలి.

సుబ్బారావు 1940లో హార్వర్డు విడిచి న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లె ప్రయోగశాలలకు వెళ్ళినారు. 1942లో అక్కడి పరిశోధనకు అధిపతి అయినారు. కాలేయంనుండి ఈ పదార్థాన్ని శుద్ధిచేసేవారు ఒక వంక, నిర్మాణం విప్పేవారు ఒక వంక, తిరిగి కూర్చేవారు ఒక వంకగా పెద్ద బృందాన్ని ఆయన నడిపించినారు. 1945లో ఆ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినట్లు ప్రకటించినది. ఆంగియర్ మొదలగు రసాయనజ్ఞుల పేర్లతో కలిసి సుబ్బారావు పేరు ఆ వ్యాసంలో ఉన్నది. అదే సంవత్సరం టామ్ స్పైస్ అనే వైద్యుడు పెద్దకణాల రక్తహీనత ఉన్న రోగులకు దానిని ఇచ్చి గుణం చూచినారు. 1946లో స్ప్రూ రోగులకూ అది పనిచేస్తున్నదని వెల్లడి అయినది. పురుషోత్తం పోయిన వ్యాధికి మందు దొరికినది. ఆయనకు మాత్రం అందలేదు.

ఈ ఆమ్లం చేసే పని ఏమిటి? కణం రెండుగా చీలాలంటే ముందుగా తన కేంద్రకంలోని డీఎన్ఏకు మరొక ప్రతి వ్రాసుకోవాలి. ఆ వ్రాతకు కావలసిన అక్షరాలలో ఒకటి థైమిన్. దానిని సమకూర్చడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. అది లేకపోతే కణం ఒళ్ళు పెరుగుతుంది, ప్రతి మాత్రం పూర్తికాదు, చీలలేదు. అందుకే ఉబ్బిన శరీరం, పక్వంకాని కేంద్రకం. సగం వ్రాసిన ప్రతితో నిలిచిన ఆ కణం చివరకు తనంతట తానే నశిస్తుంది. ఎర్లిక్ చూచిన మెగలోబ్లాస్టు రహస్యం ఇదే. విల్స్ కారకం కూడ ఈ ఆమ్లమే అని తేలినది.

ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. పెర్నిషియస్ ఎనీమియాలో రక్తం ఫోలిక్ ఆమ్లంతో మెరుగుపడినా, నరాలకు కలిగే చెరుపు ఆగలేదు. సుబ్బారావు కాలేయంలో వెదకిన ఆ పదార్థం వేరొకటి. అది బి12 విటమినుగా 1948లో ఇతరుల చేతికి చిక్కినది.

వరం విషమైన చోట

ఇంతలో బోస్టన్ నగరపు పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు మరొక వ్యాధితో తల పట్టుకొని కూర్చున్నారు. అది లుకీమియా, రక్తానికి పట్టే క్యాన్సరు. ఇందులోను మూలుగ పిల్లకణాలతో కిక్కిరిసి ఉంటుంది. ఇందులోను అవి సగంలోనే ఆగి ఉంటవి. పైకి చూడ రెండు వ్యాధులు అక్కచెల్లెండ్రవలె ఉన్నవి. ఫోలిక్ ఆమ్లం మొదటి వ్యాధిలో ఆగిన కణాలను ముందుకు నడిపించినది గదా, రెండవదానిలోను నడిపించదా అన్న ఆశ కలగడం సహజం. లెడర్లె పంపిన ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలను ఫార్బర్ కొందరు రోగులకు ఇచ్చి చూచినారు. పిల్లలలో లుకీమియా తగ్గలేదు సరిగదా, మరింత వేగం పుంజుకొన్నట్లు కనబడినది.

కారణం ఇప్పుడు సులభంగా తెలుస్తుంది. మెగలోబ్లాస్టు ఆగినది ఆకలివల్ల. ముద్ద పెడితే లేచి నడుస్తుంది. లుకీమియా కణం ఆగినది ఎదిగే దారి మరచిపోయినందువల్ల. అది ఎదగదు, ఉన్నచోటనే చీలి చీలి పెరుగుతుంది. దానికి ముద్ద పెట్టడమంటే కలుపుమొక్కకు ఎరువు వేయడమే.

ఫార్బర్ ఈ అపజయంనుండే దారి తీసినారు. ఇస్తే వ్యాధి పెరిగితే, అందకుండ చేస్తే? ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే పదార్థాలు కావాలని సుబ్బారావును కోరినారు. లెడర్లె ప్రయోగశాలలో అట్టివి అప్పటికే తయారవుతున్నవి. ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒక మూల స్వల్పమైన మార్పు చేసి, డోరిస్ సీగర్ మొదలగు రసాయనజ్ఞులు 1947లో అమినోప్టెరిన్ అనే పదార్థాన్ని తయారుచేసినారు. తాళంలో దూరి తిరగని దొంగ తాళంచెవి వంటిది ఇది. అసలు చెవికి చోటివ్వదు, తాను పనిచేయదు. కణం డీఎన్ఏ ప్రతి వ్రాసుకొనే పని అక్కడితో నిలిచిపోతుంది.

1947 చివర ఫార్బర్ దీనిని లుకీమియా పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టినారు. ఆనాడు ఆ వ్యాధి సోకిన బిడ్డ కొద్ది నెలలకంటె బ్రతకడం అరుదు. 1948 జూన్ 3వ తేదీన ఆయన ఫలితాలు ప్రకటించినారు: పదునారుగురు పిల్లలలో పదిమందికి మందు గుణమిచ్చినది. మూలుగలోని చెడ్డకణాలు తగ్గి, మామూలు రక్తం మరల పుట్టసాగినది. మంచంపట్టిన పిల్లలు లేచి ఆడుకొన్నారు. అది శాశ్వతం కాలేదు. కొన్ని వారాలకో నెలలకో వ్యాధి తిరగబెట్టినది. అయినప్పటికీ లుకీమియాను మందుతో వెనుకకు తగ్గించవచ్చునని మొట్టమొదటిసారి రుజువయినది.

ఆ వ్యాసం అచ్చయిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలో కన్నుమూసినారు. వయస్సు 53 సంవత్సరాలు. అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేట్ మాత్రం నిలిచినది. ఇతర మందులతో కలిపి దానిని వాడే చికిత్సలు దశాబ్దాలపాటు మెరుగుపడుతూ వచ్చినవి. ఈనాడు చక్కని వైద్యం అందినచోట పిల్లలకు ఎక్కువగా వచ్చే లుకీమియాలో పదిమందికి సుమారు తొమ్మిదిమంది బ్రతుకుతున్నారు.

నిద్రించే కణం

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటి ఉన్నది. అమినోప్టెరిన్ మంచికణం, చెడ్డకణం అని ఎంచి చూడదు. చీలే కణం ఏదైనా దానికి శత్రువే. మూలుగలో నిమిష నిమిషమూ చీలుతున్న కణాలు కోట్లకొలది ఉన్నవి. వాటిని అది దెబ్బతీయక తప్పదు. మరి మందు ఆపిన తరువాత మామూలు రక్తం ఎక్కడనుండి తిరిగి వచ్చినది? కాలువలు ఎండినా జలాశయంలో నీరు నిలిచి ఉండాలి. ఆ నిలిచినది ఏది?

దీనికి జవాబు అణుయుగంలో దొరికినది. 1945లో హిరోషిమా, నాగసాకి నగరాలపై బాంబులు పడిన తరువాత, అప్పటికి బ్రతికిన వారిలో పలువురు కొద్ది వారాలలో మూలుగ చెడి, రక్తస్రావంతోను అంటురోగాలతోను మరణించినారు. కిరణాలబారినుండి మూలుగను ఎట్లు కాపాడాలన్నది శాస్త్రజ్ఞుల ముందు నిలిచిన సమస్య. 1949లో చికాగోలో లియోన్ జాకబ్‌సన్ ఎలుకల ప్లీహాన్ని సీసంతో కప్పి కిరణాలు ప్రసరింపజేస్తే అవి చావలేదు. 1951లో ఈగాన్ లోరెంజ్ బృందం కిరణాలు తగిలిన ఎలుకలకు ఇతర ఎలుకల మూలుగ ఎక్కించి బ్రతికించినది.

మూలుగలో ప్రాణం పోసేది ఏది? 1961లో కెనడాలోని టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెక్‌కల్లక్ ఇది తేల్చినారు. టిల్ భౌతికశాస్త్రజ్ఞుడు, మెక్‌కల్లక్ వైద్యుడు. వారు కిరణాలతో మూలుగ నశించిన ఎలుకలకు లెక్కపెట్టిన మూలుగ కణాలను ఎక్కించి పదిరోజుల తరువాత కోసి చూచినారు. ప్లీహంమీద చిన్న చిన్న బుడిపెలు! ఎక్కువ కణాలు ఎక్కిస్తే ఎక్కువ బుడిపెలు, తక్కువ ఎక్కిస్తే తక్కువ. ఒక్కొక్క బుడిపెలో ఎర్రకణాల పిల్లలు, తెల్లకణాల పిల్లలు, ప్లేట్‌లెట్లను తయారుచేసే కణాలు కలిసి ఉన్నవి. ఆ బుడిపె అంతయు ఒకే కణం సంతానమని 1963లో క్రోమోసోముల గుర్తులద్వారా ఋజువు చేసినారు. కొన్ని బుడిపెలలోని కణాలు మరొక ఎలుకలో తిరిగి కొత్త బుడిపెలు వేసినవి. అంటే మూలకణం చీలినపుడు పనికి పోయే బిడ్డలను కంటుంది, తనవంటి బిడ్డనూ కంటుంది. మాక్సిమోవ్ మాట అర్ధశతాబ్దం తరువాత నిజమయినది.

అయితే ఆ బుడిపెలు వేసే కణమే అట్టడుగు మూలమా? 1979లో ఆస్ట్రేలియాలో హాడ్జ్‌సన్, బ్రాడ్లీ ఎలుకలకు చీలే కణాలను చంపే మందు ఒకటి ఎక్కించినారు. బుడిపెలు వేసే కణాలు చాలవరకు చనిపోయినవి. కాని మూలుగ తిరిగి చిగిర్చినది. బుడిపెలు వేసే కణానికి వెనుక ఇంకొక పెద్దది ఉన్నదని, అది మందుకు చిక్కలేదని వారు గ్రహించినారు. ఎందుకు చిక్కలేదు? అది చీలడం లేదు కనుక. అసలైన మూలకణం ఎక్కువకాలం నిద్రలో ఉంటుంది. నిద్రించే కణం డీఎన్ఏ ప్రతి వ్రాయదు. వ్రాయనివాడికి సిరా అడ్డగించినా నష్టం లేదు. పైగా వ్రాత తగ్గినకొద్దీ వ్రాతలో తప్పులూ తగ్గుతవి. రక్తపు జలాశయం ఇంకకుండ నిలిచే రహస్యంలో పెద్దపాలు ఈ నిద్రదే.

ఈ నిద్రకు పడక కావాలి. మూలకణం తనంతట తాను మూలకణంగా ఉండలేదని, మూలుగలో దానిని ఆ స్థితిలో నిలిపే ఒక నెలవు ఉండాలని ఇంగ్లండులో రే స్కోఫీల్డ్ 1978లో ఊహించినారు. తరువాతి పరిశోధనలు దానిని బలపరచినవి. ఎముకలోని సూక్ష్మ రక్తనాళాల గోడలు, వాటి చుట్టునున్న కణాలు కొన్ని పదార్థాలను స్రవిస్తవి. ఒకటి మూలకణాన్ని అక్కడ పట్టి ఉంచుతుంది, మరొకటి చావకుండ కాపాడుతుంది. ఆ నెలవు విడిచి వచ్చిన కణానికి పని తప్పదు.

పనికి వచ్చిన కణం ఏమవుతుందన్నది ఒక్కసారిగా తేలిపోదు. నందికొండనుండి కాలువ బయలుదేరి తూములవద్ద చీలుతూ పోయినట్లు, మెట్టు మెట్టుకు దాని ముందున్న దారులు తగ్గుతూ పోతవి. లోపల కొన్ని జన్యువులు తెరుచుకొంటవి, కొన్ని మూసుకొంటవి. బయటనుండి కబుర్లు వస్తుంటవి. రక్తంలో ప్రాణవాయువు తగ్గితే మూత్రపిండాలు ఎరిత్రోపొయిటిన్ అనే పదార్థాన్ని పంపుతవి. అది అందినపుడు ఎర్రకణపు పిల్లలు బ్రతుకుతవి, అందకపోతే నశిస్తవి. అనగా శరీరం కణాలను కావలసినన్ని పుట్టించడమే గాక, కావలసినన్నిటిని మాత్రమే బ్రతకనిస్తుంది. బ్రతికినది హీమోగ్లోబిన్‌తో నిండి, చివరకు తన కేంద్రకాన్నే బయటకు నెట్టివేసి రక్తంలోకి అడుగుపెడుతుంది. న్యూమన్ చూచినవి ఆ నెట్టివేతకు ముందున్న రూపాలు.

మూలకణాలు చాల అరుదు. 2018లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ఒక వ్యక్తి కణాల డీఎన్ఏలోని చిన్న మార్పులను పోల్చి, రక్తాన్ని ఎడతెగక తయారుచేస్తున్న మూలకణాలు 50 వేలనుండి 2 లక్షల వరకు ఉండవచ్చునని అంచనా కట్టినారు. సెకండుకు 24 లక్షల ఎర్రకణాల ధార వెనుక నిలిచినవి ఇంతే.

అరువిచ్చిన జలాశయం

ఎలుకలలో జరిగినది మనుష్యులలో చేయడానికి పూనుకొన్నవారు అమెరికా వైద్యుడు డొనాల్ థామస్. 1957లో ఆయన ఆరుగురు రోగులకు ఇతరుల మూలుగ ఎక్కించినట్లు ప్రకటించినారు. వారిలో ఎవరూ వందరోజులు దాటి బ్రతకలేదు. పలువురు వైద్యులు ఆశ వదలుకొన్నారు. థామస్ వదలలేదు. దాత కణాలకు, రోగి కణాలకు పొత్తు కుదరాలని, అట్టి పొత్తు తోబుట్టువులలో నలుగురిలో ఒకరికి దొరికే అవకాశమున్నదని క్రమంగా తెలిసినది. మూలుగమార్పిడి చికిత్సగా స్థిరపడినది. థామస్‌కు 1990లో నోబెల్ బహుమానం వచ్చినది. మన దేశంలో 1983లో బొంబాయి టాటా స్మారక ఆసుపత్రిలో ఈ చికిత్స తొలిసారి జరిగినది. మార్పిడి తరువాత దాత కణాలు రోగి శరీరంమీద తిరగబడకుండ ఆపడానికి మెథోట్రెక్సేట్‌ను వాడినవారు థామస్ బృందంవారే. సుబ్బారావు ప్రయోగశాలలో పుట్టిన మందు ఇట్లు మూలకణానికి కాపలాదారు అయినది.

తరగతి గదిలోని మాత్ర

నందికొండ జలాశయానికీ, మూలుగకూ ఉన్న పోలిక ఒకచోట ఆగిపోతుంది. జలాశయానికి నీరు ఎగువనుండి రావాలి. వాన రాని ఏడు ఎడమకాలువకింద రైతు ఆకాశంవంక చూడవలసినదే. మూలకణం తన ఎగువను తనలోనే మోస్తున్నది. తాను చీలి తన చోటును తానే నింపుకొంటుంది. కాని అదికూడ స్వతంత్రం కాదు. జలాశయం నిండుగా ఉన్నా పిల్లకాలువ పూడిపోతే మడి తడవనట్లు, మూలకణం ఎంత క్షేమంగా ఉన్నా దాని బిడ్డలకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 అందకపోతే రక్తం పండదు. ఆ బిడ్డల తిండి రోజువారీ కంచంనుండే రావాలి: ఆకుకూర, పప్పు, గుడ్డు, పాలు.

కంచంలో అవి చాలని ఇండ్లు మన ఊళ్ళలో ఎన్నో ఉన్నవి. అందుకే 2013నుండి ఉన్నతపాఠశాలల పిల్లలకు వారానికొక మాత్ర ఇచ్చే పథకం దేశమంతట ప్రారంభమయినది. ఆ నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటవి. ఉపాధ్యాయుడు పేరు పిలిచి, మాత్ర ఇచ్చి, రిజిస్టరులో గుర్తు పెడతాడు. కొందరు పిల్లలు మొగం చిట్లించి మింగుతారు. కొందరు చాటుగా పారవేస్తారు.

ఆ 500 మైక్రోగ్రాములు ఒకప్పుడు టన్నులకొలది ఆకుకూరను పిండినా సులభంగా దొరకనివి. బొంబాయి మిల్లులలో గర్భిణులు అవి లేక మరణించినారు. గోదావరి జిల్లాలో ఒక యువకుడు అవి లేని వ్యాధితోనే పోయినాడు. అతని తోబుట్టువు సముద్రాలు దాటి వెళ్ళి ఆ పదార్థాన్ని తయారుచేసే దారి చూపినారు. ఈ కథ చెప్పి మాత్ర చేతిలో పెట్టే ఉపాధ్యాయుని తరగతిలో దానిని పారవేసే చేతులు తప్పక తగ్గుతవి.